మహబూబ్ కాలమే ముందు

మహబూబ్ ఓర్వలేని మనిషి. ఈ ముక్క మొదట్లోనే చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. నరసరావుపేటలో ఆయిలింజన్లు బాగుచేసే మీరా సాహెబ్‌కి చిన్నకొడుకు. పని తెలిసినవాడు, అబద్ధమాడాలంటే చెమటలు పట్టేవాడు, తల్లికి కాస్త నలతగా ఉంటే అన్నం సయించనివాడు. ఇన్ని మంచి గుణాలు కొలిచి పోసిన దేవుడు అసూయ దగ్గరికొచ్చేసరికి, పాపం, చెయ్యి జారి గిద్దెడు పోయాల్సిన చోట మానికెడు కుమ్మరించాడు.

చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర వాళ్ళ బిందె వరసలో ముందు లేకపోతే ఏడ్చి గగ్గోలు పెట్టేవాడు. బడిలో పక్కవాడికి మార్కులెక్కువొచ్చాయని వాడి పలక బావిలో పారేశాడు. పెళ్ళి ఫొటోలో తోడల్లుడు ముందుకొచ్చి నిలబడ్డాడని ఆ ఫొటోని గోడకి తగిలించనివ్వలేదు. భార్య రబియా దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచుకుని ఆయన ఇంట్లో లేనప్పుడు చూసుకునేది.

అటువంటివాడు బీయస్సీ కెమిస్ట్రీ గట్టెక్కి, ఊరి బయట ధనుంజయరావు గారు పెట్టిన మందుల ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ తయారయ్యేది జీవాల మందు. గొర్రెలకీ మేకలకీ కడుపులో పురుగులు పడితే పోస్తారు. వెల్దుర్తి వైపు కాపరులు ఆ సీసా లేకుండా సంత నుంచి ఇంటికి మళ్ళేవాళ్ళు కాదు. గేటు దగ్గర కాపలా ఉండే యల్లమంద కూడా తన మందకి ఆ మందే పోసేవాడు.

ఆ మందులో ఒక తిరకాసు ఉంది. దాని అణువు రెండు రూపాల్లో తయారవుతుంది, మన కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా. బరువు ఒకటే, రంగు ఒకటే, నీళ్ళలో కరిగే తీరూ ఒకటే. కానీ కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు కదా, అలాగే జీవం కడుపులో ఎడమ రూపమే పనిచేస్తుంది. కుడిది పనిచేయదు సరికదా, ఎక్కువైతే జీవం నోట్లోంచి నురగలు కారుతాయి. అందుకని ఎంత కష్టమైనా కుడిదాన్ని ఏరి పారెయ్యాలి, పారేశామని చూపించాలి.

చూపించే మిషను ఎదుట మహబూబ్ కూర్చునేవాడు. ఒక పంపు ద్రావకాన్ని తోస్తుంటుంది. దాని దారిలో జానెడు స్టీలు గొట్టం ఉంటుంది, దాన్నే కాలమ్ అంటారు. లోపల గట్టిగా దట్టించిన పొడికి కూడా ఒక చేతివాటం ఉంటుంది. మందు చుక్క దాని గుండా పోతుంటే ఒక రూపం పొడిని కాస్త ఎక్కువ పట్టుకు వేలాడి వెనకబడుతుంది, రెండోది ముందుగా బయటపడుతుంది. ఏది బయటికొచ్చినా కాగితం మీద పెన్ను కొండలాగా లేచి దిగుతుంది. కొండ ఎంత పెద్దదైతే ఆ రూపం అంత ఉన్నట్టు లెక్క.

ఇలా కుడినీ ఎడమనీ విడదీసే కాలమ్‌లు ఆ రోజుల్లో కళ్ళబడటమే గొప్ప. ధనుంజయరావు గారి బావమరిది పైదేశం నుంచి వస్తూ రెండు తెచ్చాడు, కవల పిల్లల్లాంటివి. వాటిని మహబూబ్ రబియా పాత ఓణీలో చుట్టి బీరువాలో పెట్టుకునేవాడు. ఒకటి వాడుకలో, ఒకటి దాపులో. బీరువా తాళం ఆయన మొలతాడుకి ఉండేది. ల్యాబ్‌లోకి ఎవరైనా వచ్చి "అది నేనోసారి చూడొచ్చా?" అంటే ఆయన ముఖం మాడిన పెనంలా అయిపోయేది.

ఎనభై ఏడులో జయరాజు వచ్చిపడ్డాడు.

పెదకూరపాడులో టీచరు గారబ్బాయి. హైదరాబాదులో ఎమ్మెస్సీ చేశాడు. వాళ్ళ ప్రొఫెసరు మెచ్చి ఇచ్చిన కాలమ్ ఒకటి మఖమలు పెట్టెలో పెట్టుకుని మరీ వచ్చాడు. సన్నగా ఉంటాడు, నవ్వితే సొట్టలు పడతాయి, ఆదివారం చర్చిలో పాడితే బయట రిక్షావాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. చేరిన వారంలోనే యల్లమందని బాబాయ్ అనీ, ప్యాకింగులో పనిచేసే గ్రేసమ్మని పిన్నీ అనీ వరసలు కలిపేశాడు. మహబూబ్‌ని అన్నా అన్నాడు. ఆ పిలుపు వినగానే మహబూబ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నంట అన్న! ఎవడికి అన్న?

ల్యాబ్ వరకే అయితే ఎలాగో ఓర్చుకునేవాడేమో. ఒకరోజు మహబూబ్ కళ్ళజోడు ఫ్యాక్టరీలో మరిచిపోతే జయరాజు ఇంటికి తెచ్చిచ్చాడు. అంతే, మహబూబ్ తల్లి ఖాతూన్ బీ మనసు పారేసుకుంది. హోటలు కూడు తింటున్నాడని తెలిసి ముక్కు చీదింది. మర్నాటి నుంచి రెండు కారియర్లు తయారు.

"ఒరేయ్ మహబూబూ, ఇది నీది, ఇది జయరాజుది. మాంసం తునకలు ఆ పిల్లోడి గిన్నెలో ఏశా, మార్చబాక."

"నాకో?"

"నీకు ఇంట్లో ఉండయిగా. ఆ పిల్లోడికి ఎవరున్నారు ఇక్కడ?"

చూడండి ఆయన ఖర్మ. పగవాడికి తల్లి వండింది, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తనే మోసుకుపోవాలి. పైగా సాయంత్రం ఖాళీ గిన్నె తోమి తిరిగి ఇచ్చేవాడు జయరాజు. రబియా ఆ గిన్నె చూసి, "చూడండి, ఎంత శుభ్రంగా తోమాడో" అనేది. మీరా సాహెబ్ సంగతి ఇంకో ఘోరం. జయరాజు ఓ సాయంత్రం షాపుకొచ్చి, ఆయన ఇంజను చప్పుడు విని జబ్బు ఎట్లా చెప్తాడో నోరు తెరుచుకుని విన్నాడు. ముసలాయన ఆనందం పట్టలేక, "నువ్వెప్పుడన్నా అట్టా విన్నావంట్రా?" అని కొడుకుని అడిగాడు. ఆ ఇంట్లో పొద్దస్తమానం జయరాజు పేరే. మహబూబ్ మాత్రం ఆ పేరు నోటితో ఒక్కసారి పలకలేదు. తప్పనిసరైతే ఆ మనిషి అనేవాడు.

ఇంత మంట మీద ఆయన ఒక పాడు పని చేశాడు. వీడు ఎప్పుడో ఒకప్పుడు నా రెండో కాలమ్ అడుగుతాడు, సారు ఇచ్చెయ్యమంటాడు అని భయం పట్టుకుంది. వెళ్ళి ధనుంజయరావు గారితో, "రెండోది లోపల పొడి కూలిపోయింది సార్, ఇక పనికిరాదు" అని చెప్పేశాడు. చెప్తుంటే మెడ మీదుగా చెమట కారింది. సారు అయ్యో అని ఊరుకున్నారు. బంగారంలాంటి కాలమ్ ఓణీలో చుట్టుకుని బీరువా అడుగు అరలోకి పోయి, పాత సీసాల వెనక బతికుండగానే సమాధి అయింది.

ఆ ఎండాకాలం బొంబాయి కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరిచ్చింది. సరుకులో కుడి రూపం వందలో ఒక పాలు మించకూడదు, చార్టు జతపరచాలి అంది. సరుకు వేసేముందు మహబూబ్ కుడీ ఎడమా సమంగా కలిపిన చుక్క ఒకటి తన కాలమ్ మీద వేశాడు. రెండు కొండలు వచ్చాయి కానీ నడుము దగ్గర అతుక్కుపోయాయి, కిటికీలోంచి కనపడే కోటప్పకొండ శిఖరాల్లాగా. ఏది ఎక్కడ అయిపోయి ఏది మొదలైందో తెలిస్తే కదా లెక్క కట్టడానికి! జయరాజు అదే చుక్క తన కాలమ్ మీద వేశాడు. అక్కడా అదే అతుకు. మహబూబ్‌కి మాత్రం ఆ పూట అన్నం బాగా సయించింది.

మర్నాడు జయరాజే వచ్చాడు. "అన్నా, ఒక ఆలోచన. దారి పొడవైతే వెనకబడేది ఇంకా వెనకబడుతుంది గదా. మీ కాలమూ నా కాలమూ ఒకదాని వెనక ఒకటి తగిలిద్దాం. కొండలు విడిపోతయ్యేమో."

మంచి ఆలోచనే. అదే మహబూబ్ బాధ. ఇన్నేళ్ళుగా రెండు కవల కాలమ్‌లు పక్కపక్కనే పెట్టుకుని కూర్చున్నవాడికి తట్టనిది, నిన్నగాక మొన్న వచ్చినవాడికి తట్టింది. బీరువా అడుగున ఇంకోటుందని చెప్పడానికి నోరు రాలేదు. నోటికొచ్చింది వేరే.

"సరే. కానీ నాదే ముందుండాలి."

"ముందు నాది పెడితే ఒత్తిడి తట్టుకుంటుందన్నా. అది కొత్తది."

"అంటే నాది ముసల్దా? ఇయ్యాల నాదాన్ని ముసల్దంటావు, రేపు నన్నంటావు!"

ఇంకేముంది, అక్కడ మొదలైంది. నిజానికి ఏది ముందున్నా ఏది వెనకున్నా ఒకటే, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ పూటంతా ముందు వెనకల పంచాయితీతోనే గడిచిపోయింది. చివరికి ధనుంజయరావు గారు వచ్చి, "మహబూబ్ సీనియర్. ఆయన్దే ముందు. ఇక ఆపండయ్యా, బొంబాయి వాళ్ళు నా ప్రాణం తీస్తన్నారు" అని తేల్చారు. మహబూబ్ తన కాలమ్ ముందు బిగించి, చిన్న గొట్టంతో దాని కొసకి జయరాజుది తగిలించి, తండ్రి షాపులో నేర్చిన చేత్తో నట్లు పట్టించాడు. పంపు బరువుకి మూలిగింది కానీ ఎక్కడా చుక్క కారలేదు.

ఈ గొడవలో ఒక పని ఎగిరిపోయింది. కొత్తగా ఏది బిగించినా, కుడీ ఎడమా సమపాళ్ళలో కలిపి పెట్టుకున్న సీసాలోంచి మొదట ఒక చుక్క వేసి చూడాలి. రెండు కొండలొస్తే అమరిక బాగున్నట్టు. పొద్దంతా ముందు వెనకలకే సరిపోయిందాయె. కరెంటు ఎప్పుడు పోతుందో అని సారు తొందర. జయరాజు వేసుంటాడని మహబూబూ, మహబూబ్ వేసుంటాడని జయరాజూ అనుకున్నారు. మాటల్లేని మనుషులు ఒకరినొకరు అడగరు కదా. నేరుగా సరుకే వేశారు.

పెన్ను లేచింది, దిగింది. ఒకే ఒక్క కొండ. నిటారుగా, నున్నగా, పక్కన బుడిపె కూడా లేదు. కుడి రూపం అన్నమాటే లేదు!

ధనుంజయరావు గారు మహబూబ్ వీపు మీద ఒక్కటిచ్చారు. "నీ కాలమ్ ముందు పెట్టిన వేళావిశేషమయ్యా!" జిలేబీలొచ్చాయి. గ్రేసమ్మ, "మహబూబన్న చెయ్యి మంచిది" అంది. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగా అలమటించాడో ఆయనకే తెలుసు. జయరాజు కూడా నవ్వుతూ చెయ్యి కలిపాడు. మహబూబ్ ఆ చేతిని కాస్త గట్టిగానే నొక్కాడు. ఆ సాయంత్రం సైకిలు మీద ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. డబ్బాలు ఎక్కుతున్నాయి. మహబూబ్‌కి తండ్రి గుర్తొచ్చాడు. ఇంజను చప్పుళ్ళు వినడం గొప్పయితే ఇదీ గొప్పే, తీసుకెళ్ళి చూపిద్దాం అనుకున్నాడు. కానీ ఒక్క కొండ చూపిస్తే ముసలాయనకేం తెలుస్తుంది? కలిపిన సీసాలోంచి వేస్తే రెండు కొండలు విడివిడిగా, మధ్యలో బండి పోయేంత జాగాతో వస్తాయి, అది చూపిస్తే నోరు మూస్తాడు అని ఒక చుక్క తీసి వేశాడు.

ఒక్కటే కొండ.

మళ్ళీ వేశాడు. మళ్ళీ ఒక్కటే. సీసాలో సగం కుడి ఉందని తన చేత్తో కలిపిన తనకి తెలుసు. మరి ఆ కుడి ఎటు పోయింది? సరుకులో కుడి లేక కాదు, మిషనుకి కనపడక అని అర్థమయ్యేసరికి ఒళ్ళంతా చల్లబడింది. ఆ వెంటనే, దాచడమెందుకు, చిన్న సంతోషం కూడా కలిగింది. నా కాలమ్ ఇన్నేళ్ళుగా ఎట్లాగో రెండుగా చూపిస్తూనే ఉంది, చెడగొట్టింది వాడిదే!

ఎగురుకుంటూ పోయి జయరాజుని పట్టుకున్నాడు. "నీ కాలమ్ నా కొంప ముంచింది. కలిపిన సీసా ఏస్తే ఒకటే వస్తంది. ఏంది దీని కథ? నీదాంట్లో ముందు ఏది వచ్చిద్ది?"

"ఎడమదన్నా." జయరాజు ముఖంలో రంగు మారింది. "మీదాంట్లో?"

"కుడిది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయటికి రెండు గొట్టాలూ ఒకే అచ్చు, కానీ లోపలి పొళ్ళు ఎదురు చేతివాటాలవి. మహబూబ్ కాలమ్‌లో ముందుకు ఉరికిన కుడి, జయరాజు కాలమ్‌లోకి పోగానే వెనకబడింది. అక్కడ వెనకబడ్డ ఎడమ ఇక్కడ అందుకుంది. చివరికి రెండూ చెట్టపట్టాలేసుకుని ఒక్కసారే బయటికొచ్చాయి. ఒక్క ల్యాబ్‌లో ఇన్ని నెలలు పనిచేస్తూ, నీదాంట్లో ముందేది అని ఒకరినొకరు అడగలేదు. ఎవరి చార్టులు వాళ్ళు తాళం వేసుకున్నారు.

"ఒకే వాటంవి రెండుంటే ఈ బాధ ఉండేది కాదు" అన్నాడు జయరాజు. "మీ రెండోది చెడిపోకుండా ఉంటే ఎంత బాగుండేదన్నా!"

మహబూబ్ బీరువాకి వీపు తిప్పి నిలబడ్డాడు.

జయరాజు ఆగలేదు, నేరుగా లారీ దగ్గరికి పోయి లోడింగు ఆపించాడు. ధనుంజయరావు గారు పరుగున వచ్చారు. ప్యాకింగు వాళ్ళంతా చుట్టూ మూగారు.

"చార్టు తప్పు సార్. సరుకులో కుడి ఎంతుందో మనకి తెలియదు. కాలమ్‌లు కలపడం నా ఆలోచన. కలిపిన సీసా వేసి చూడాల్సింది నేనే. తప్పు నాది."

సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఎమ్మెస్సీ అని నెత్తిన పెట్టుకుంటే ఇదా చేసేది? నీ పెట్టె నువ్వు సర్దుకుని హైదరాబాదు పో! ఇయ్యాలే పో!"

మహబూబ్ ఇన్ని నెలలుగా కోరుకున్నది ఇదే. నమాజులో కూడా, తప్పని తెలిసీ, ఒకటి రెండుసార్లు కోరుకున్నాడు. ఇప్పుడు చెయ్యాల్సిందేమీ లేదు, నోరు మూసుకుని నిలబడితే చాలు. రెండో కారియర్ ఉండదు. తండ్రి, పెళ్ళాం ఆ పేరెత్తరు. ల్యాబ్ మొత్తం తనది.

అంతలో గ్రేసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎంత మంచి మనసమ్మా! తప్పు ఒప్పుకోడానికి కూడా గుండె ఉండాల." యల్లమంద, "బంగారంలాంటి పిల్లోడు" అన్నాడు. జయరాజు తల వంచుకుని నిలబడ్డాడు. అందరి కళ్ళూ వాడి మీదే. ఆ నిలబడ్డ తీరు, ఆ వంచిన మెడ! మహబూబ్‌కి కడుపులో కుంపటి రాజుకుంది. పొగిడినా వాణ్ణే, తిట్టినా వాణ్ణేనా? ఆఖరికి తప్పులో కూడా వాడే ముందు నిలబడాలా? పొద్దున చార్టు చూసి కనిపెట్టింది ఎవరు? నాది ముందుండాలని పట్టుబట్టింది ఎవరు?

"నీదెట్టా అయిద్దిరా తప్పు!" అని అరిచాడు. లారీ డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. "నాది! పూటంతా పోట్లాడి కాలం పాడుచేసింది నేను. సీసా ఏయకుండా వదిలేసింది నేను. సీనియర్ని నేనా, ఈడా?"

"అన్నా, వద్దు, ఆలోచన నాదే కదా..."

"నోరుముయ్! ఆలోచన నీదే, ఎవడు కాదన్నాడు? తప్పు మాత్రం నాది!"

ఇద్దరూ తప్పు కోసం కుళాయి దగ్గర బిందెల్లా కొట్టుకుంటుంటే ధనుంజయరావు గారికి ఎవర్ని తిట్టాలో పాలుపోలేదు. మహబూబ్ లోపలికి పోయి బీరువా తెరిచి, పాత సీసాలు పక్కకి నెట్టి, ఓణీ చుట్టిన గొట్టం తెచ్చి సారు చేతిలో పెట్టాడు.

"ఇది చెడిపోలేదు సార్. చెడిపోయిందని అబద్ధం చెప్పా. ఈ మనిషికి ఇయ్యాల్సొచ్చిద్దని దాచా." చెమట ధారలుగా కారుతోంది. "ఇదీ నా పాతదీ ఒకే వాటం. రెండూ కలిపితే విడిపోతయి. పంపిచ్చాల్సింది నన్ను."

జయరాజే ఆ గొట్టం అందుకుని, ఓణీ విప్పి, మెత్తగా తుడిచి, "రాండన్నా, బిగిద్దాం" అన్నాడు.

జయరాజు కాలమ్ మఖమలు పెట్టెలోకి పోయింది. కవలలు రెండూ ఒకదాని వెనక ఒకటి మిషనుకి ఎక్కాయి. ఈసారి కలిపిన సీసాతోనే మొదలెట్టారు. పెన్ను లేచింది, దిగింది, నేల గీత మీదికొచ్చి కాసేపు తీరిగ్గా నడిచింది, మళ్ళీ లేచింది. రెండు కొండలు, మధ్యలో నిజంగానే బండి పోయేంత జాగా. తర్వాత సరుకు వేశారు. పెద్ద ఎడమ కొండకి ముందు కుడిది గుట్టలాగా లేచింది. కంపెనీ ఒప్పుకునేదానికంటే అది పెద్దదే. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. సరుకంతా మళ్ళీ కరిగించి మళ్ళీ ఏరాలి. ధనుంజయరావు గారు ఇద్దర్నీ దులిపి ఆరేసి, ఎవర్నీ పంపకుండా, బీరువా తాళం మాత్రం మహబూబ్ మొలతాడు నుంచి విప్పించుకుని తీసుకుపోయారు.

సాయంత్రం మహబూబ్ చార్టు మడిచి ఇంటికి తెచ్చాడు. మీరా సాహెబ్ గ్రీజు చేతులు తుడుచుకుని దాన్ని దీపం కిందికి పట్టుకున్నాడు. కొడుకు వివరించి చెప్తుంటే, ఇంజను విన్నట్టే తల ఒక పక్కకి వంచి విన్నాడు. ఖాతూన్ బీ, రబియా కూడా వచ్చి నిలబడ్డారు.

"బాగుందిరా. ఎవరికి తట్టింది ఇది?"

నాకే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. అది గొంతులో ముల్లులా గుచ్చుకుంటూ పోయింది.

"జయరాజుకి" అన్నాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఆయన పలకడం అదే మొదలు. "కాలమ్‌లు రెండూ నావే."

ముసలాయన చార్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్లోడు రత్నంరా. అట్టాంటోడు మనింట్లో పుట్టాల్సింది. ఏమే ఖాతూనూ, ఆదివారం అన్నానికి పిలవ్వే."

ఎంత చేసినా ఇదీ వరస. మహబూబ్‌కి పొద్దుటి కుంపటి మళ్ళీ భగ్గుమంది. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తూ, గోడ వైపు తిరిగే చెప్పాడు.

"అమ్మ పిలవక్కర్లా. చర్చి అయిపోంగానే వస్తాడు. నేనే ముందు పిలిచా."